అంటాల్యాలో నారింజ పండగ

మా పై అంతస్తులో ఉండే పెద్దావిడని నేను తెయ్‌జె అని పిలుస్తాను. టర్కిష్‌లో తెయ్‌జె అంటే అమ్మ తోడబుట్టినావిడ, మన పిన్నో పెద్దమ్మో. మేనత్తకి వేరే మాట ఉంది, హాలా. స్టుట్‌గార్ట్‌లో మేమిద్దరం మాట్లాడుకునేది జర్మన్‌లోనే. కానీ జర్మన్‌లో పిన్నికీ మేనత్తకీ ఒకటే మాట, అందుకని పిలుపు మాత్రం ఆవిడ భాషలోనే ఉంచుకున్నాను. ఆవిడది టర్కీ దక్షిణ తీరంలో ఉన్న అంటాల్యా. పెళ్ళయి 1970లలో జర్మనీ వచ్చేసింది. చిన్నప్పుడు వాళ్ళ వీధి చివర నిలబడి, టాప్ లేని కార్లలో చేతులూపుకుంటూ పోయే సినిమా తారల్ని చూడటం ఆవిడకి ఇప్పటికీ పెద్ద జ్ఞాపకం. "ఒకావిడ తెల్ల గ్లవుజులు వేసుకుంది. ఆ ఎండలో గ్లవుజులేమిటని మా అమ్మ ఆశ్చర్యపోయింది" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ ఊరేగింపు పేరు కోర్తెజ్. ఆ పండగ పేరు అల్తిన్ పోర్తకాల్, అంటే బంగారు నారింజ. 1964లో మొదలైన సినిమా ఉత్సవం ఇది. 2024 అక్టోబరులో నేను వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి, హైదరాబాద్‌లో మా పాత ఫిల్మ్ క్లబ్ మిత్రులు ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి అని వరసగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు అంతా ఇక్కడే రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మా తెనాలి ఇంట్లో నారింజకాయ అంటే పుల్లటిది, పులిహోరకి పిండేది. తియ్యగా ఒలుచుకుని తినేది కమలాపండు. అంటాల్యాలోనూ ఇదే లెక్క. రోడ్ల పక్కన వరసగా కనిపించే చెట్లు చాలా వరకు తురుంచ్, పులుపూ చేదూ కలిసిన కాయ. దాన్ని పచ్చిగా ఎవరూ తినరు, పాకం పట్టి జామ్ చేస్తారు. తినే తియ్యటి పండు పోర్తకాల్. ఈ జాతి పళ్ళన్నిటినీ కలిపి చెప్పే మాట నారెంజియె! ఆ మాట విన్నప్పుడు కూరగాయల బజారులో నిలబడి ఉన్నాను. అమ్మే అతను ఇంకోసారి చెప్పాడు, నేను ఇంకోసారి అడిగాను. అక్టోబరులో వెళ్తే చెట్ల మీద కాయలు ఇంకా పచ్చగానే ఉంటాయి. బంగారు రంగు చూడాలంటే చలికాలం రావాలి.

ఈ పండగ వేళ్ళు సినిమా కంటే ముందరివి. ఊరికి తూర్పున, నలభై కిలోమీటర్లు దాటాక, అస్పెందోస్ అనే చోట రోమన్ల కాలపు రంగస్థలం ఉంది. మార్కస్ అరీలియస్ చక్రవర్తి కాలంలో జెనో అనే శిల్పి కట్టాడు. గోడలతో, వేదిక వెనక రెండంతస్తుల రాతి ముఖభాగంతో సహా ఇప్పటికీ నిలబడే ఉంది. 1950లలో అక్కడ నాటకాలు, కచేరీలు పెట్టేవాళ్ళు. అవ్ని తొలునాయ్ అనే డాక్టరు గారు మేయరయ్యాక, ఆ వేడుకల్లోంచే 1964లో సినిమాలకి పోటీ పుట్టింది. ఆయన పేరు మీద ఇప్పటికీ జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇస్తున్నారు.

ఆ మొదటి ఏడాది ఉత్తమ చిత్రం హాలిత్ రెఫీ తీసిన 'గుర్బెత్ కుష్లరి'. మరాష్ నుంచి ఒక కుటుంబం బతుకుతెరువు కోసం ఇస్తాంబుల్ వస్తుంది. హైదర్‌పాషా స్టేషన్లో రైలు దిగుతారు, అక్కడి నుంచి ఒక్కొక్కరూ ఒక్కో దారి పడతారు. కుష్ అంటే పిట్ట. గుర్బెత్ అంటే సొంత ఊరు కానిచోట బతకడం. మన గరీబు అనే మాట పుట్టింది ఈ వేరు నుంచే. అసలు అర్థం పరాయివాడు, తన చోటు కాని చోట ఉన్నవాడు. అదే మన దగ్గరికి వచ్చేసరికి పేదవాడు అయింది. తెయ్‌జెకి ఈ సినిమా పేరు చెప్తే చాలు, ఒక్క నిమిషం ఏమీ మాట్లాడదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. అంటాల్యాకి వెళ్తే టర్కీ సినిమాల పోటీ చూడండి. జాతీయ పోటీ అంటారు. అంతర్జాతీయ విభాగంలో మంచి సినిమాలే వస్తాయి, కానీ వాటిలో చాలా వరకు గోవా ఉత్సవంలోనో, తిరువనంతపురం ఉత్సవంలోనో, ఏదో ఒక ఓటీటీలోనో మనకి దొరుకుతాయి. జాతీయ పోటీలో వచ్చే పది పన్నెండు సినిమాల్లో సగం మళ్ళీ మీ కంట పడవు. అంతకంటే ముఖ్యం, వాటిని వాళ్ళ జనం మధ్య కూర్చుని చూడటం ఇంకెక్కడా దొరకదు. సినిమా అవగానే దర్శకుడు, నటులు, కెమెరా చేసినవాళ్ళు వేదిక ఎక్కుతారు. జనం లేచి వెళ్ళిపోరు. ప్రశ్నలు అడుగుతారు, పోట్లాడతారు. దాన్ని సొయ్‌లెషి అంటారు, అంటే ముచ్చట్లు.

నాకు బాగా గుర్తున్నది రెండో రోజు మధ్యాహ్నం ఆట. ఎక్కువ ప్రదర్శనలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి కాబట్టి అన్నిటికీ ఉంటాయనుకుని, షెడ్యూల్లో ఆ గడి చూడకుండా టికెట్ కొన్నాను. దీపాలు ఆరాయి, మాటలు మొదలయ్యాయి, తెర కింద అక్షరం లేదు. పది నిమిషాలు చూశాను. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది, నేను ఒక్కదాన్నే బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. పక్క సీట్లో అరవై దాటిన ఒకావిడ నా వైపు చూసి "జర్మన్ వచ్చా?" అని గుసగుసగా అడిగింది. కొలోన్‌లో ముప్పై ఏళ్ళు పని చేసి, రిటైరై సొంతూరు వచ్చేసిందట. అంటాల్యాలో ఇలాంటివాళ్ళు చాలామంది తగులుతారు. అక్కడి నుంచి ఆవిడ నా చెవిలో సినిమా చెప్పడం మొదలుపెట్టింది. మాటకి మాట చెప్పలేదు, అవసరమైనంతే. "ఇప్పుడు అబద్ధం చెప్తోంది." "అది వాళ్ళ నాన్న ఇల్లు." "డబ్బు తీసుకోదట." ముందు వరసవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ వాళ్ళకి ఏదో చెప్పింది, వాళ్ళు తలూపి మళ్ళీ తెర వైపు తిరిగారు. ఒక గంట అలా నడిచింది. చివరి పావుగంట ఆవిడ గొంతు ఆగిపోయింది. తిరిగి చూస్తే చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను ఇంకేమీ అడగలేదు. ఆ పావుగంట కూడా నాకు అర్థమైంది.

ముచ్చట్లలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. టోపీ చేతిలో పట్టుకుని దర్శకురాలితో చాలాసేపు మాట్లాడాడు. పక్కనున్నావిడ నాకు చెప్పింది: సినిమాలో చూపించిన ఆ కొండ పల్లెల ఇళ్ళలో తలుపులు లోపలికి తెరుచుకుంటాయట. మంచు పడితే బయటికి తెరిచే తలుపు కదలదు కదా, మీ సినిమాలో బయటికి తెరిచారేమిటని ఆయన అడిగాడట. దర్శకురాలు తడుముకోలేదు. షూటింగ్‌కి దొరికిన ఇల్లు కింది లోయలోదని, ఆ తలుపు తనకీ మనసులో ముల్లులానే ఉందని ఒప్పుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ తలుపు గురించి నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. మన సినిమాల్లో పల్లెటూరి ఇళ్ళు చూసి ఇలా లేచి అడిగే చోటు మనకి ఎక్కడుంది?

ఈ జాతీయ పోటీనే తీసేసిన రోజులున్నాయి. 2017లో, 2018లో అంతర్జాతీయ పోటీ ఒక్కటే ఉంచారు. సొంత సినిమాకి ఇల్లులాంటి చోట దానికే గది లేకుండా పోయిందని టర్కీ సినిమావాళ్ళు గట్టిగా నిరసన చెప్పారు. 2019లో తిరిగి పెట్టారు. పెట్టకపోతే ఈ పోస్టు రాయాల్సిన పనే ఉండేది కాదు.

అరవై ఏళ్ళ చరిత్రలో ఆగిపోయిన సంవత్సరాల గురించి కూడా తెలుసుకుని వెళ్ళండి. లేకపోతే అక్కడ హాల్లో జనం ఎందుకంత ఉద్వేగంగా ఉంటారో అర్థం కాదు. 1979లో సెన్సార్ కొన్ని సినిమాల్ని అడ్డుకుంటే, సినిమావాళ్ళు, జ్యూరీ ఎదురు తిరిగారు. ఆ ఏడాది పోటీ జరగలేదు. 1980లో సెప్టెంబరు 12న సైన్యం అధికారం పట్టుకుంది, పండగ మళ్ళీ లేదు. ఆ రెండేళ్ళ బహుమతులూ 2011లో ఇచ్చారు. 'ఆలస్యంగా వచ్చిన బంగారు నారింజలు' అని పేరు పెట్టి మరీ. ముప్పై ఏళ్ళ తర్వాత బహుమతి ఇవ్వడమనేది నాకు చాలా ఇష్టమైన సంగతి. అప్పటికి కొందరు లేరు. అయినా లెక్క సరిచేశారు. 2014లో, అంతకు ముందు ఏడాది ఇస్తాంబుల్‌లో మొదలైన ప్రభుత్వ వ్యతిరేక గెజి పార్కు ఉద్యమం మీద తీసిన డాక్యుమెంటరీని పక్కన పెట్టడంతో మళ్ళీ గొడవైంది.

2023లో అరవయ్యో పండగ జరగాలి. పోటీకి వచ్చిన డాక్యుమెంటరీల్లో నెజ్లా దెమిర్జి తీసిన 'కానూన్ హుక్మ్యు' ఒకటి. కానూను, హుకుం, రెండు మాటలూ మనవే అన్నంత దగ్గర. 2016 సైనిక కుట్ర తర్వాత ప్రభుత్వ ఉత్తర్వులతో ఉద్యోగాలు పోయినవాళ్ళలో ఒక డాక్టరు, ఒక టీచరు, వాళ్ళ పోరాటం గురించిన సినిమా అది. నిర్వాహకులు దాన్ని జాబితాలోంచి తీసేశారు. జ్యూరీ సభ్యులు తప్పుకుంటామన్నారు, దర్శకులు సినిమాలు వెనక్కి తీసుకుంటామన్నారు. మళ్ళీ చేర్చారు. ఈసారి సాంస్కృతిక మంత్రిత్వ శాఖ మద్దతు ఉపసంహరించుకుంది. మళ్ళీ తీసేశారు. చివరికి పండగే రద్దయింది. నేను ఆ ఏడాదే వెళ్దామని సెలవు పెట్టుకుని, విమానం టికెట్ కూడా కొన్నాను. సెప్టెంబరు నెలాఖరున వార్త చదివి తెయ్‌జె ఇంటికి వెళ్తే, ఆవిడ టీ పోసింది, సినిమా మాట ఎత్తకుండా వాళ్ళ ఊళ్ళో సముద్రం గురించి మాట్లాడింది.

2024లో అక్టోబరు 5 నుంచి 12 దాకా జరిగింది. అందుకే ఆ వారం హాళ్ళు నిండాయని నా నమ్మకం.

వెళ్ళేముందు కొన్ని పాత సినిమాలు చూసి వెళ్తే ఊరు వేరేగా కనిపిస్తుంది. 'గుర్బెత్ కుష్లరి' చెప్పాను. లుత్ఫి అకాద్ తీసిన 'హుదుత్లరిన్ కానును' తప్పకుండా చూడండి. సరిహద్దు పల్లెల్లో దొంగ రవాణా మీద బతికేవాళ్ళ కథ. పేరుకి సరిహద్దుల చట్టం అని అర్థం, హుదుత్‌లో ఉన్నది మన హద్దే. యిల్మాజ్ గ్యునెయ్‌కి 1967లో అంటాల్యాలో ఉత్తమ నటుడి బహుమతి ఈ సినిమాకే వచ్చింది. అందులో ఆయన మొహం చూడండి, మాట్లాడేది తక్కువ. ఆ తర్వాత నూరి బిల్గె జెయ్‌లాన్ 'ఉజాక్'. అంటే దూరం. 2002లో ఇక్కడ ఉత్తమ చిత్రం అయ్యాకే మరుసటి ఏడాది కాన్స్‌లో బహుమతులు పొందింది. పల్లె నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన చుట్టం, సిటీలో ఫ్లాటున్న చుట్టం ఇంట్లో దిగుతాడు. అమీర్‌పేటలో రూము వెతుక్కున్న ఎవరికైనా ఆ ఇంట్లో ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో మా ఫిల్మ్ క్లబ్ షోలో ఈ సినిమా అయ్యాక బస్టాపులో నిలబడి గంటసేపు వాదించుకున్నాం, తప్పు ఎవరిదని. ఆ వచ్చిన చుట్టంగా నటించిన మెహ్మెత్ ఎమిన్ తోప్రాక్ కాన్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి రాకముందే కారు ప్రమాదంలో పోయాడు. సెమిహ్ కప్లానోలు 'యుముర్తా' 2007 విజేత. నిదానంగా నడుస్తుంది, రాత్రి ఒంటరిగా చూసుకోండి.

ఇక ప్రయాణం. అసలు కేంద్రం అతాతుర్క్ సాంస్కృతిక కేంద్రం, అందరూ ఎ.కె.ఎమ్. అంటారు. పక్కనే గాజు పిరమిడ్. కోన్యాల్తి బీచ్ మీదుగా లేచిన కొండ అంచున పార్కులో ఉంటాయి. ఆటకీ ఆటకీ మధ్య బయటికి వస్తే కింద సముద్రం, పడమట కొండల వరస. లోపల పెద్ద హాలు పేరు అస్పెందోస్, ఇంకోదాని పేరు పెర్గె, రెండూ దగ్గర్లోని పురాతన నగరాల పేర్లు. టికెట్లు ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. జాతీయ పోటీ సినిమాలకి, అందులోనూ సాయంత్రం ఆటలకి, అమ్మకం తెరిచిన రోజే కొనండి. సబ్‌టైటిల్స్ గడి చూడండి! మరో సంగతి: టర్కీలో మామూలు సినిమా హాళ్ళలో మనలాగే మధ్యలో ఇంటర్వెల్ ఇస్తారు, ఆరా అంటారు. పండగలో అది ఉండదు. టీ ముందే తాగి వెళ్ళండి.

బస కలెయిచిలో తీసుకోండి. పాత కోటలోపలి ఊరు, చెక్క బాల్కనీల ఇళ్ళు, హేడ్రియన్ చక్రవర్తి వచ్చినప్పుడు కట్టిన మూడు కమానుల ద్వారం. దారులన్నీ రాళ్ళు పరిచినవి, చక్రాల సూట్‌కేసు లాగలేం, బ్యాక్‌ప్యాక్ మేలు. విమానాశ్రయం నుంచి ట్రామ్ ఉంది. కోట దగ్గర్నుంచి సముద్రం పక్కగా మ్యూజియం వైపు పాత ట్రామ్ బండి ఒకటి నడుస్తుంది. ఆ ట్రామ్ పెట్టెలు జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి వచ్చినవి. చివరి స్టాపులో దిగి కొంచెం నడిస్తే ఎ.కె.ఎమ్. నేను రోజూ అలాగే వెళ్ళాను. అక్టోబరు మొదట్లో పగలు ఇంకా ఎండే, ఉదయం సముద్రంలో ఈదేవాళ్ళు ఉంటారు. హాల్లో ఏసీ మాత్రం గట్టిగా ఉంటుంది, శాలువా ఉంచుకోండి.

వీసా: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి షెంగెన్, అమెరికా, బ్రిటన్, ఐర్లండ్‌లలో దేనిదైనా చెల్లే వీసాగానీ నివాస అనుమతిగానీ ఉంటే ఈ-వీసాకి ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. లేకపోతే స్టిక్కర్ వీసా తీసుకోవాలి, దానికి టైము పడుతుంది కాబట్టి వేసవిలోనే మొదలుపెట్టండి. నియమాలు మారుతుంటాయి, టర్కీ ప్రభుత్వ సైటు ఒకసారి చూసుకోండి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. అంటాల్యా పియాజ్ అడగండి. ఉడికించిన తెల్ల చిక్కుడు గింజల మీద నువ్వుల ముద్ద, వెనిగర్, వెల్లుల్లి కలిపిన చిక్కటి పులుసు పోస్తారు. పైన గుడ్డు ముక్కలు వేస్తారు, వద్దంటే మానేస్తారు. టర్కీలో మిగతా చోట్ల పియాజ్‌లో ఈ నువ్వుల పులుసు ఉండదు, ఇది ఈ ఊరి పద్ధతి. నువ్వుల పచ్చడి తిని పెరిగిన నాలుకకి మొదటి ముద్దకే తెలిసిపోతుంది. మేకపాలని కావాలనే కాస్త అడుగంటించి చేసే ఐస్‌క్రీమ్ ఉంటుంది. పొగ వాసన నాకు పడలేదు, కానీ ఒకసారి తిని చూడండి. హోటల్లోనూ బస్సులోనూ ఆడవాళ్ళని అబ్లా అనీ మగవాళ్ళని అబి అనీ పిలవండి, అక్కా అన్నా అని. నన్ను మొదటి రోజు నుంచీ అబ్లా అనే పిలిచారు, నాకు పరాయి ఊరనిపించలేదు.

ఒక పూట అస్పెందోస్‌కి ఖర్చు పెట్టండి. సెరిక్ అనే ఊరి దాకా బస్సులో వెళ్ళి అక్కణ్ణుంచి వేరే బండి పట్టుకోవాలి. నేను అన్నిటికంటే పై వరస రాతి మెట్టు మీద కూర్చున్నాను. కింద వేదిక మీద ఒక పిల్లవాడు ఏదో పద్యం చెప్పాడు. మైకు లేదు. ప్రతి అక్షరం పైదాకా వచ్చింది.

బహుమతుల్లో నేను ఆసక్తిగా చూసేవి పెద్దవి కాదు. బెహ్లుల్ దాల్ పేరు మీద తొలి సినిమాకి ఇచ్చేది ఒకటి, టర్కీ సినిమా తొలి తారల్లో ఒకరైన జాహిదె సోన్కు పేరు మీద ఆడవాళ్ళ పనికి ఇచ్చేది ఇంకొకటి. తర్వాతి పదేళ్ళలో ఎవరి పేర్లు వినబోతామో అక్కడ తెలుస్తుంది.

2024లో ఉత్తమ చిత్రం నదీమ్ గ్యుచ్ తీసిన 'ముకద్దెరాత్'. ముకద్దర్ అనే మాట హిందీ సినిమా పేర్లలో మనం విన్నదే, రాసిపెట్టి ఉన్నది అని. నల్ల సముద్రం ఒడ్డున చిన్న ఊరు, భర్త పోయిన సుల్తాన్ అనే పెద్దావిడ. నూర్ సురెర్ వేసింది. అమ్మ ఇప్పుడు ఎవరి దగ్గర ఉండాలని పిల్లలు తర్జనభర్జన పడుతుంటే, ఆవిడ నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటుంది.

తిరిగొచ్చాక తురుంచ్ జామ్ సీసా పట్టుకుని పైకి వెళ్ళాను. తెయ్‌జె మూత తీసి వాసన చూసింది. చుట్ట చుట్టి పాకంలో వేసిన తొక్క ఒకటి స్పూనుతో తీసి, వెలుతురుకి పట్టి చూసి, నోట్లో వేసుకుంది. వాళ్ళాయన పోయి ఆరేళ్ళు. ఏ సినిమా గెలిచిందని అడిగితే కథ పెళ్ళి మాట దాకా చెప్పి ఆపాను.

"మరి చేసుకుందా?"

"చెప్పను తెయ్‌జె. దొరికినప్పుడు మనిద్దరం కలిసి చూద్దాం."

"చేసుకునే ఉంటుంది" అని ఇంకో తొక్క తీసుకుంది. "నల్ల సముద్రం ఆడవాళ్ళు మొండివాళ్ళు."